మరలోకి గింజ వదిలే చెయ్యి

మీ ఇంట్లో పాత తిరగలి ఇంకా మిగిలి ఉంటే ఒక్కసారి దాని ముందు కూర్చుని చూడండి. కుడిచేత్తో పిడి పట్టుకుని తిప్పుతూ, ఎడమచేత్తో పైరాయి నడుమనున్న రంధ్రంలో గుప్పెడు గింజలు పోయాలి. గింజ ఎక్కువ పడితే పిడి బరువెక్కుతుంది, పిండి ముతకగా వస్తుంది. తక్కువ పడితే పిడి తేలికైపోయి రాయీ రాయీ రాసుకుంటాయి, పిండిలో ఇసుక తగులుతుంది. విసిరే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కుడిచేతికి తెలిసిన బరువును బట్టి ఎడమచెయ్యి తరువాతి గుప్పెటను తానే పెద్దదిగానో చిన్నదిగానో చేసుకుంటుంది. మన అమ్మమ్మలు పాట పాడుకుంటూ, పక్కింటివారితో మాట్లాడుకుంటూ చేసిన పని ఇది.

ఆ తిరగలికి మనం మోటారు బిగించినప్పుడు కుడిచేతి పనిని మోటారుకు అప్పగించాము. ఎడమచేతి పనిని మాత్రం హాపర్ అడుగున జరిగే ఒక ఇనుప పలకకు వదిలివేశాము. ఆ పలకకు బరువు తెలియదు. ఎంత తెరిచిపెడితే అంతే తెరుచుకుని ఉంటుంది. కరెంటు తగ్గినా, గింజ తడిసినా, జల్లెడ మూసుకుపోయినా దానికి పట్టదు. పిండి మర పెట్టదలచిన వారితోను, మిరప, పసుపు దంచే పల్వరైజరు కొనదలచిన వారితోను, పశువుల దాణా మిల్లుకు రుణం కోరి మా శాఖల గుమ్మం ఎక్కే వారితోను, వారికి యంత్రాలు అమ్మే డీలర్లతోను నేను మాట్లాడదలచినది ఈ పలక గురించే. దీని స్థానంలో మోటారు బరువును గ్రహించి గింజను తానే హెచ్చుతగ్గులుగా వదిలే ఏర్పాటు ఒకటి ఉన్నది. మోటారు మీద గంటల తరబడి నడిచే మిల్లులకు అది విలాసవస్తువు కాదనీ, మొదటి రోజునే కొటేషన్‌లోను, రుణంలోను చేరవలసిన భాగమనీ నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి కలిగినది కాదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నది.

కొన్నేళ్ల క్రితం జగిత్యాల జిల్లాలోని ఒక శాఖలో నేను క్షేత్రాధికారిగా పనిచేస్తుండగా భార్యాభర్తలిద్దరు దాణా మిల్లు కోసం రుణానికి వచ్చారు. మొక్కజొన్న బాగా పండే ఊరు, పాడి ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. పదిహేను అశ్వశక్తి మోటారుతో హ్యామర్ మిల్లు పెట్టి మొక్కజొన్న నూరి, తవుడు, చెక్క కలిపి అమ్ముతామన్నారు. ఆలోచన మంచిది. నిబంధన ప్రకారం మూడు కొటేషన్లు తెమ్మన్నాను. రెండింటిలో మిల్లు, మోటారు, స్టార్టరు, బెల్టులు మాత్రమే ఉన్నాయి. మూడవదానిలో వీటికి తోడు ‘ఆటో ఫీడర్, కంట్రోల్ ప్యానెల్’ అని మరొక పద్దు ఉంది. ఆ పద్దు మొత్తం ధరలో పదో వంతు కూడా కాదు. అయినా దానివల్ల ఆ కొటేషన్ మిగిలిన రెండింటికన్నా పైకి తేలింది. యంత్రం నాణ్యత చూస్తే మూడవ డీలరుదే మేలు. అందుచేత నేను ఒక తెలివైన మార్గం కనిపెట్టాను. ఎర్ర సిరాతో ఆ పద్దు మీద గీత గీసి, ‘అత్యవసరం కాదు’ అని రాసి, మిగిలిన మొత్తానికి సిఫారసు చేశాను. డీలరు ఏమీ అనలేదు. అమ్మకం పోలేదు కదా! రుణగ్రహీతలూ ఏమీ అనలేదు. మార్జిన్ సొమ్ము తగ్గిందని సంతోషించారు కూడా.

మొదటి సంవత్సరం వాయిదాలు తేదీకి ముందే జమ అయ్యాయి. రెండవ వేసవిలో మోటారు కాలిపోయింది. చుట్టించుకుని వచ్చి మళ్లీ నడిపారు. వానలు మొదలైన తరువాత మరొకసారి కాలిపోయింది. చుట్టించిన ఖర్చు ఒక ఎత్తు, మిల్లు మూతపడిన రోజులు మరొక ఎత్తు. పాడి రైతు దాణాకు రెండు రోజులు ఆగగలడేమో గాని పది రోజులు ఆగలేడు. వాడుకదారులు పక్క ఊరి మిల్లుకు అలవాటుపడ్డారు. రెండు వాయిదాలు బకాయి పడ్డాయి. వసూలుకు వెళ్లిన నాకు ఆమె మంచినీళ్లిచ్చి, లోపలికి వెళ్లి పాత కొటేషన్ జిరాక్సు ప్రతి తెచ్చి చేతిలో పెట్టింది. “మీరు గీసిన గీత మాకు రెండు కిస్తీలు పడ్డది సార్” అన్నది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్లు చెప్పింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఎందుకలా జరిగిందో అప్పుడు కూర్చుని లెక్క వేశాను. పదిహేను అశ్వశక్తి మోటారు, అంటే సుమారు 11 కిలోవాట్లది, 415 వోల్టుల మూడు ఫేజుల సరఫరా మీద నిండు బరువుతో తిరిగేటప్పుడు ఉజ్జాయింపుగా 20 ఆంపియర్లు తీసుకుంటుంది. సాయంత్రం పూట ఊరంతా దీపాలు, మోటార్లు వేసేసరికి వోల్టేజి 350కి పడిపోయిందనుకుందాం. మిల్లులోకి గింజ మాత్రం అంతే పడుతున్నది, చేయవలసిన పని తగ్గలేదు. వోల్టేజి తగ్గిన మేరకు మోటారు కరెంటును ఎక్కువ లాగి ఆ పనిని పూర్తి చేస్తుంది. 20 ఆంపియర్లు ఇంచుమించు 24 అవుతాయి. ‘నాలుగే కదా’ అనిపిస్తుంది. కాని తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కరెంటు ఐదో వంతు పెరిగితే వేడి నలభై శాతం పైగా పెరుగుతుందన్నమాట. వేడి పది డిగ్రీలు హెచ్చినప్పుడల్లా వైండింగు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని మోటార్ల పనివారిలో ఒక మోటు లెక్క ఉన్నది. ఏప్రిల్ నెల ఎండలో రేకుల షెడ్డు కింద నడిచే మోటారుకు ఆ పది డిగ్రీలు ఎంత దూరంలో ఉంటాయో మీరే ఊహించవచ్చు.

‘ఓవర్‌లోడ్ రిలే ఉన్నది కదా, అది ఆపదా?’ అని మీరు అడగవచ్చు. ఆపుతుంది. ఒకసారి ఆపుతుంది, రెండుసార్లు ఆపుతుంది. మూడవసారి షెడ్డులో పదిమంది గోనె సంచులతో నిలబడి ఉండగా ఆపినప్పుడు, ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు తీసుకుని రిలే మరను పైకి తిప్పుతారు. నేను తనిఖీ చేసిన మిల్లుల్లో ఆ మర తిప్పని మిల్లు అరుదు. ఇది ఆపరేటరు చెడ్డతనం కాదు. రిలే చేసేది ఒక్కటే పని, మిల్లును ఆపివేయడం. ఆ సమయంలో మిల్లుకు కావలసినది ఆగిపోవడం కాదు, గింజ కొంచెం తగ్గడం. తిరగలి దగ్గర బరువెక్కితే మన అమ్మమ్మ విసరడం మానివేసి లేచిపోలేదు. గుప్పెట చిన్నది చేసుకున్నది.

ఆ రెండవసారి, వానాకాలంలో కాలిపోవడానికి కారణం వేరు. తడి ఆరని మొక్కజొన్న మెత్తగా ఉండి సుత్తుల దెబ్బకు పగలకుండా నలిగి జల్లెడ రంధ్రాలకు అతుక్కుంటుంది. నూరిన పిండి బయటికి పోదు, లోపల నిండుతుంది, మోటారు మొరాయిస్తుంది. పైనుండి గింజ మాత్రం నిశ్చింతగా పడుతూనే ఉంటుంది. చెవి అలవాటుపడిన ఆపరేటరు మోటారు మోత మారగానే పరుగెత్తుకువచ్చి గేటు దించుతాడు. పాతకాలపు పిండి మరల్లో అటువంటి చెవి ఉన్నవారిని నేను చూశాను, వారి పట్ల నాకు గౌరవం ఉన్నది. కాని ఈనాటి చిన్న మిల్లులో యజమానే ఆపరేటరు, యజమానే కాటా మనిషి, యజమానే గుమస్తా. ఒక చెవి ఫోనుకు, ఒక చెవి వాడుకదారుకు పోగా మోటారుకు చెవి మిగలదు.

ఈ ఏర్పాటు ఏదో విదేశీ కొత్త సరుకని అనుకునేవారికి ఒక మాట. హిమాలయ ప్రాంతాలలో, ఉత్తరాఖండ్‌లో ఘరాట్ అని, నేపాల్‌లో ఘట్ట అని పిలిచే నీటి మరలు శతాబ్దాలుగా ఉన్నాయి. వాగునీరు చెక్క రెక్కలను తోసి రాతిని తిప్పుతుంది. రాతి పైన గింజల బుట్ట వేలాడుతుంది, దాని కింద ఒక చిన్న చెక్క దోనె ఉంటుంది. ఆ దోనెకు కట్టిన పుల్ల ఒకటి తిరిగే రాతి మీద ఆని ఉంటుంది. గరుకైన రాయి తిరుగుతుంటే పుల్ల ఎగిరెగిరి పడుతుంది, దోనె అదురుతుంది, గింజలు రాలుతాయి. వాగు ఉరవడి పెరిగి రాయి జోరుగా తిరిగితే పుల్ల జోరుగా ఎగురుతుంది, గింజ ఎక్కువ పడుతుంది. నీరు తగ్గి రాయి మందగిస్తే గింజా తగ్గుతుంది. రాయి ఆగితే గింజా ఆగుతుంది. మరగాడు పక్కన నిద్రపోయినా నష్టం లేదు. ఖర్చు ఎంతంటే ఒక పుల్ల!

ఐరోపాలోని పాత పిండి మరల్లోనూ ఇదే సూత్రం నడిచింది. రాతితో పాటు తిరిగే పలకల కడ్డీ ఒకటి దోనెను టకటకా తడుతుండేది. దానికి వారు ‘డామ్సెల్’, అంటే కన్యక, అని పేరు పెట్టారు. అది ఎప్పుడూ వాగుతూనే ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. పేరు పెట్టినవారు మగవారే అయివుంటారు! హాపర్‌లో గింజ అడుగంటితే మోగే గంటను కూడా ఆ మరలకు అమర్చేవారు. ఇంకొక విశేషం ఏమిటంటే, జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నరు, అంటే వేగం పెరిగితే తానే ఆవిరిని తగ్గించే గుండ్ల సాధనం, అంతకుముందే పిండి మరల్లో రాళ్ల నడుమ సందును సవరించడానికి వాడుకలో ఉన్నది. తన పనిని తానే సరిదిద్దుకునే యంత్రమనే ఆలోచనకు పిండి మర పుట్టిల్లు కాకపోయినా పెంపుడిల్లు అనవచ్చు. మనం మాత్రం మోటారు రాగానే పుల్లను తీసి పారవేశాము.

ఇక్కడొక చిక్కు ఉన్నది. వాగు మీద తిరిగే రాయి బరువెక్కితే మందగిస్తుంది గనుక వేగాన్ని నమ్ముకున్న పుల్ల సరిపోయింది. కరెంటు మోటారు అలా కాదు. బరువు పెరిగినా దాని వేగం పెద్దగా తగ్గదు, చివరి క్షణం దాకా ఇంచుమించు ఒకే జోరున తిరిగి ఆపైన ఒక్కసారిగా చతికిలబడుతుంది. దాని కష్టం వేగంలో కనబడదు, కరెంటులో కనబడుతుంది. అందువల్ల ఈనాటి పుల్ల కరెంటును కొలవాలి. ఆటో ఫీడర్ చేసేది అదే. మోటారుకు పోయే ఒక తీగ చుట్టూ గాజు వంటి ఒక రింగు వేస్తారు. అది కరెంటును కొలిచి ప్యానెల్‌కు చెబుతుంది. హాపర్ కింద గేటుకు బదులు ఒక చిన్న మర, లేదా రెక్కల చక్రం ఉంటుంది. దానికి వేరే చిన్న మోటారు. ప్యానెల్‌లో మనం ఒక హద్దు పెడతాము. పెద్ద మోటారు కరెంటు ఆ హద్దు దాటబోతే చిన్న మోటారు నెమ్మదిస్తుంది, గింజ తగ్గుతుంది. కరెంటు దిగితే మళ్లీ జోరందుకుంటుంది. కుడిచేతికీ ఎడమచేతికీ తెగిపోయిన సంబంధాన్ని ఒక తీగతో తిరిగి కలిపినట్లు.

హద్దు ఎంత పెట్టాలన్నది ముఖ్యం. మోటారు పలక మీద రాసిన నిండు కరెంటులో 85 నుండి 90 శాతం వద్ద పెట్టి, మిగిలినది గింజలోను, వోల్టేజిలోను వచ్చే తేడాలకు వదలడం మేలు. డీలరు పంపిన మెకానిక్కు తన యంత్రం గంటకు ఎన్ని బస్తాలు నూరుతుందో చూపించుకునే ఉత్సాహంలో హద్దును అంచు దాకా పెట్టి వెళ్లిపోవడం నేను చూశాను. అతడు బస్సెక్కేలోగా దాన్ని తగ్గించి పెట్టమని అడగండి, ఎలా తగ్గించాలో మీ చేత ఒకసారి చేయించుకోండి.

అన్ని మిల్లులకూ ఈ ప్యానెల్ అక్కరలేదు. ఊళ్లో ఐదు కిలోలు, పది కిలోలు గోధుమలో జొన్నలో తెచ్చి పిండి ఆడించుకుపోయే చిన్న గిర్నికి నేను దీన్ని సిఫారసు చేయను. అక్కడ ఒకరి గింజ అయిపోయి ఇంకొకరి గింజ పోసేలోగా రాళ్లు ఖాళీగా తిరుగుతాయి. మనిషి ఎటూ అక్కడే ఉండాలి, ఎవరి పిండి వారికి వేరుగా పట్టాలి. ఆ గిర్నికి కావలసినది, రాతి ఇరుసుతో పాటు అదిరే దోనె సరిగా ఉండడం, హాపర్ ఖాళీ కాగానే రాళ్లను ఎడం చేసే పిడి చేతికి అందేటంత దగ్గరగా ఉండడం. ఖాళీగా రాసుకున్న రాళ్లు త్వరగా నున్నబడి కక్కు కొట్టించవలసి వస్తుంది, రాతి పొడి పిండిలో కలుస్తుంది. ఇది బ్యాంకు రుణంతో తీరే సమస్య కాదు, శ్రద్ధతో తీరేది. చిన్న గిర్ని యజమానికి ఆటో ఫీడర్ అంటగట్టే డీలరు, దాణా మిల్లు కొటేషన్ నుంచి దాన్ని కొట్టివేసిన నాలాంటి అధికారి, ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఇద్దరూ మిల్లును చూడడం లేదు, కాగితాన్ని చూస్తున్నారు.

రోలరు పిండి మిల్లుల్లో కరెంటుతో పని లేని మరొక ఏర్పాటు ఉంటుంది. గింజ వచ్చే గొట్టంలో స్ప్రింగు ఆధారంతో నిలిచిన ఒక రేకు ఉంటుంది. గింజ బరువు పడితే రేకు వంగి గేటు తెరుచుకుంటుంది, గింజ తగ్గితే రేకు లేచి గేటు మూసుకుంటుంది. అది మోటారును కాపాడదు గాని రోలర్ల నిండా పల్చటి పొరగా గింజ సమంగా పడేటట్లు చేస్తుంది, ఖాళీ రోలర్లు రాసుకోకుండా చూస్తుంది.

వరి సంగతి కొంచెం వేరు. పాత హల్లరు మిల్లుల స్థానంలో వచ్చిన రబ్బరు రోళ్ల షెల్లర్లో రెండు రోళ్లు ఎదురెదురుగా, ఒకటి రెండవదానికన్నా సుమారు పాతిక శాతం వేగంగా తిరుగుతూ, నడుమ పడిన వడ్ల పొట్టును ఒలిచివేస్తాయి. రబ్బరు అరగడమే అక్కడి ప్రధాన ఖర్చు. వేగంగా తిరిగే రోలు ముందు అరుగుతుంది కనుక రెంటినీ మార్చి మార్చి బిగిస్తారు. వడ్లు ఆగిపోయిన తరువాత కూడా రోళ్లు ఒకదానినొకటి ఒత్తుకుని తిరిగితే బియ్యం బదులు రబ్బరు పొడి రాలుతుంది. గాలి ఒత్తిడితో పనిచేసే ఆటోమేటిక్ షెల్లర్లలో హాపర్‌లో వడ్లు ఉన్నవో లేవో సెన్సరు కనిపెడుతుంది. ఉంటేనే రోళ్లు దగ్గరకు వస్తాయి, అయిపోగానే ఎడమవుతాయి. బియ్యం మిల్లుల లైసెన్సులకు సంబంధించిన 1958 నాటి చట్టం 1997లో రద్దయిన తరువాత ఈ రంగంలోకి రావడం తేలికైంది. ప్రవేశం తేలికైనచోట పోటీ ఉంటుంది, పోటీలో రోళ్ల ఖర్చు తక్కువ ఉన్నవాడే నిలుస్తాడు. పాత షెల్లరు కొనబోయే వారు యంత్రం రంగు కన్నా ఈ సెన్సరు పనిచేస్తున్నదా లేదా అని ముందుగా చూడాలి.

మిరప, పసుపు పల్వరైజర్ల వారికి మరొక జాగ్రత్త చెప్పాలి. మిరపకాయ తేలిక సరుకు, హాపర్‌లో ఒకదాని మీద ఒకటి చిక్కుకుని గూడు కడుతుంది. కింద మర తిరుగుతూనే ఉంటుంది, పైనుండి సరుకు దిగదు. కరెంటు తగ్గినందున ప్యానెల్ మరను ఇంకా జోరుగా తిప్పుతుంది. హఠాత్తుగా గూడు కూలి సరుకంతా ఒక్కుమ్మడిగా పడుతుంది. కనుక ఇటువంటి సరుకుకు హాపర్‌లోనే కలియదిప్పే కడ్డీ ఉన్న ఫీడర్ కావాలి. లేకపోతే పెట్టిన డబ్బు వృథా. గింజ సమంగా పడని పల్వరైజరు వేడెక్కి కారం రంగును, ఘాటును పోగొడుతుందని గుంటూరు వైపు వారికి నేను చెప్పనక్కరలేదు.

గూడు కట్టినప్పుడు మనిషి ఏమి చేస్తాడు? కర్రతో పొడుస్తాడు. కర్ర దొరకకపోతే చెయ్యి పెడతాడు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే. గోధుమ పండే ఉత్తరాది రాష్ట్రాలలో కరెంటుతో, ట్రాక్టరుతో నడిచే నూర్పిడి యంత్రాలు వచ్చిన కొత్తలో పనలను చేత్తో అందించబోయి ఎందరో చేతులు పోగొట్టుకున్నారు. వాటిని దృష్టిలో పెట్టుకునే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. చెయ్యి లోపలికి చేరనంత పొడవుగా, పైన కప్పు ఉన్న దోనె ఆ యంత్రాలకు అమర్చాలన్న ప్రమాణం వచ్చింది. అక్కడ కూడా లోపం పళ్ల చక్రంలో లేదు, సరుకు అందించే మార్గంలో ఉన్నది. ఫీడర్ ఉన్న మిల్లులో హాపర్ నోటికి ఇనుప జాలీ బిగించవచ్చు. చెయ్యి పెట్టే అవసరం రాదు, పెట్టినా లోపలికి పోదు. జాలీ లేని హాపర్‌ను మీకు అమ్మబోతే తీసుకోకండి. జాలీతో పాటు ఒక అయస్కాంతం కూడా అడగండి. గింజలో కలిసి వచ్చిన మేకు ముక్క సుత్తులకు తగిలితే జల్లెడ చిరుగుతుంది, నిప్పురవ్వ లేస్తుంది, పిండి ధూళి నిండిన షెడ్డులో నిప్పురవ్వ మంచిది కాదు.

డీలరు మిత్రులతో ఇప్పుడు కొంచెం నిష్ఠురంగానే మాట్లాడాలి. ‘ఫీడర్ వేస్తే కొటేషన్ పెరుగుతుంది సార్, పక్క దుకాణం వాడు తక్కువకిస్తాడు, మీ బ్యాంకు తక్కువదాన్నే తీసుకుంటుంది’ అని మీరంటారు. ఇందులో సగం నిజం, ఆ సగానికి బాధ్యత మాది. మూడు కొటేషన్లలో అతి తక్కువదానికి మొగ్గే అలవాటు మా బల్లల మీద బలంగా ఉన్నది. ఆ అలవాటు తెలిసే మీరు యంత్రం నుంచి ఒక్కొక్క భాగం ఊడదీసి ధర దించుతున్నారు. కాని రెండవ సగం మీది. ఫీడర్ లేని మిల్లు అమ్మేటప్పుడు ‘ఇది చేతి గేటు మిల్లు, వోల్టేజి తగ్గినప్పుడు గేటు దించాలి’ అని కొనేవారికి మీరు చెప్పడం లేదు. రెండు విధాలుగానూ కొటేషన్ ఇవ్వండి. ఫీడర్ ధర వేరే పద్దుగా చూపండి, దాని ప్యానెల్ పాడైతే ఎన్ని రోజులలో వచ్చి బాగుచేస్తారో కూడా రాయండి. పిడుగుపాటుకో, వోల్టేజి ఒక్కసారిగా ఎగసినందుకో ఈ ప్యానెళ్లు పాడవడం ఉన్నదే. దాన్ని నేను దాచను. అందుకే ప్యానెల్ చెడినా చేతి గేటుతో మిల్లు నడిచే వీలు తప్పనిసరిగా ఉండాలి. ఆ వీలు లేని ఫీడర్‌కు నేను సిఫారసు రాయను.

నా తోటి అధికారులు ఈ పత్రిక చదువుతారు కనుక వారికీ ఒక మాట. మనం మిల్లు చూడడానికి వెళ్లి మోటారు నంబరు రాసుకుంటాము, తాకట్టు బోర్డు ఉందో లేదో చూస్తాము, బీమా తేదీ చూస్తాము. హాపర్ కింద వంగి చూసేవారు ఎందరు? స్టార్టరు తలుపు తీసి రిలే మర ఏ అంకె దగ్గర ఉన్నదో చూసేవారు ఎందరు? రుణం పెరిగితే భారం పెరుగుతుందన్న వాదన నాకు తెలుసు, అది చెప్పినవాణ్ని నేనే. అయితే పదో వంతు అదనపు రుణం వల్ల వాయిదా ఎంత పెరుగుతుందో, ఒకసారి మోటారు కాలి మిల్లు పది రోజులు మూతపడితే ఎంత పోతుందో, ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూడకుండా గీత గీయడం పొదుపు కాదు. పైగా సబ్సిడీ పథకాలలో మరొక మెలిక ఉన్నది. కేంద్రం 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకంలో అర్హమైన ప్రాజెక్టు వ్యయంపై 35 శాతం, పది లక్షల రూపాయలకు మించకుండా, సబ్సిడీ నిర్ణయించారు. అటువంటి పథకాల కింద వచ్చే మిల్లులకు ఫీడర్ మొదటి ప్రాజెక్టు నివేదికలోనే ఉంటే దాని ధర కూడా లెక్కలోకి వస్తుంది. మోటారు కాలిన తరువాత జ్ఞానోదయమై తెచ్చుకునే ఫీడర్‌కు పూర్తి ధర రుణగ్రహీత జేబులో నుంచే పోతుంది. మా వాళ్ల విషయంలో అలాగే పోయింది.

మీరు కొనబోయే ముందు డీలరు దగ్గర మిల్లు నడిపించి చూడండి, కాని అతని గింజతో కాదు. మీ ఊరి గింజ ఒక బస్తా, వీలైతే కొంచెం తడి ఉన్న గింజ మరొక బస్తా తీసుకువెళ్లండి. పగలు కాక సాయంత్రం ఏడు గంటల వేళ నడపమనండి. ప్యానెల్ మీద ఆంపియర్ల అంకెను పది నిమిషాలు కదలకుండా చూడండి. అంకె హద్దుకు అటూ ఇటూ ఒకటి రెండు తేడాతో నిలిస్తే ఫీడర్ పనిచేస్తున్నట్లు. పన్నెండుకు పడి, ఇరవై ఆరుకు లేచి ఊగిసలాడితే దాన్ని సరిచేసేదాకా డబ్బు కట్టకండి. డెలివరీ చలానా మీద సంతకం కోసం తొందరపెడతారు. సంతకం మీది, తొందర వారిది.

జగిత్యాల మిల్లుకు ఆ తరువాత చిన్న అదనపు టర్మ్ లోన్ మంజూరు చేయించాను. పై అధికారి ‘ఇదెందుకు మొదట్లోనే అడగలేదు?’ అని ఫైలు మీద రాశారు. నా పేరుతోనే సంజాయిషీ రాసి పంపాను. ఫీడర్ బిగించిన తరువాత బకాయి రెండు వాయిదాలు ఒకేసారి కాదు గాని నెలకు కొంత చొప్పున తీరాయి. చివరిసారి నేను వెళ్లినప్పుడు సాయంత్రం వేళ. ఆమె బల్ల దగ్గర కూర్చుని పాల కేంద్రం వారి దాణా లెక్క రాస్తున్నది. మిల్లు పక్కనే నడుస్తున్నది. ఉన్నట్టుండి ఫీడర్ మోత మందగించింది. ఆమె తలెత్తకుండానే ఫోను తీసి లైన్‌మన్‌తో, “తమ్మీ, వోల్టేజి మళ్ల పడ్డది, మా గిర్ని చెప్తున్నది” అన్నది.